ఇంటిపేరు చూపని దారి

వలస కుటుంబాల పూర్వచరిత్ర వెదికేవారు సాధారణంగా ఇంటిపేరును పట్టుకొని తండ్రి నుండి కొడుకుకు నడుస్తారు. నా మట్టుకు అది సగం దారి. వర్జీనియాలోని వాషింగ్టన్ల దస్తావేజులు చూడండి.

ఇంగ్లండు నుండి ఓడమీద వచ్చిన జాన్ వాషింగ్టన్ 1658లో ఆన్ పోప్‌ను వివాహమాడాడు. మామగారు 700 ఎకరాలు ఇచ్చాడు. (మన పసుపుకుంకుమ భూమి వంటిదే!) ఆ వంశపు సిరికి అది పునాది. జాన్ మనుమరాలు మిల్డ్రెడ్‌కు పొటోమాక్ నది ఒడ్డున ఉన్న భూమి 1698లో తండ్రి వీలునామా వల్ల సంక్రమించింది. పెళ్లితో గ్రెగరీల ఇంటిదైన ఆమె నుండే 1726లో అన్న అగస్టిన్ దానిని కొన్నాడు. నేటి మౌంట్ వెర్నన్ అదే. వాషింగ్టన్ అన్న పేరొక్కటే వెదికితే నడుమ గొలుసు తెగిపోతుంది.

అంతకంటె బాధాకరంగా తెగేవి ఉన్నాయి. 1743లో అగస్టిన్ మరణించగా, తరువాతి కాలంలో అమెరికా తొలి అధ్యక్షుడైన కుమారుడు జార్జికి పదకొండేళ్ల వయసులో పదిమంది బానిసలు దక్కారు. ఇటువంటి పత్రాలలో బానిసలకు సాధారణంగా ఇంటిపేరే ఉండదు. వారి సంతతి తమ పూర్వులను యజమానుల వీలునామాలలో, పెళ్లి వాటాలలో వెదుక్కోవలసిందే. 1799 వీలునామాలో జార్జి తన 123 మందికి విముక్తి రాశాడు. భార్య మార్తా మొదటి భర్త కస్టిస్ ఆస్తి నుండి వచ్చిన 153 మందిని విడిపించే హక్కు అతనికి లేదు. ఈ రెండు వర్గాల నడుమ పెళ్లిళ్లు ఉన్నాయని ఆ వీలునామాయే చెబుతుంది. 1801 జనవరి 1న మొదటివారు స్వేచ్ఛ పొందారు. 1802లో మార్తా మరణించాక రెండవవారిని కస్టిస్ మనుమడు, ముగ్గురు మనుమరాళ్లు పంచుకున్నారు.