కొసరు వేరు, గివ్‌అవే వేరు

మన ఊళ్లలో ఇప్పుడు చాలామంది సహోదరీలు మంగళగిరి నుంచో, పోచంపల్లి నుంచో, సూరత్ నుంచో చీరలు తెప్పించుకొని, ఫోనులో వీడియో తీసి అమ్ముకుంటున్నారు. మూట నెత్తిన పెట్టుకొని ఇల్లిల్లూ తిరిగే రోజులతో పోలిస్తే ఇది ఎంతో మేలు. అయితే ఆ వీడియోల చివర తరచుగా ఒక మాట వినిపిస్తోంది. ‘ఈ వారం గివ్‌అవే ఉంది. మా పేజీ ఫాలో అవ్వండి, కామెంట్ పెట్టండి, ముగ్గురిని ట్యాగ్ చేయండి. ఒకరికి చీర ఉచితం.’

ఈ పద్ధతి మాకు నచ్చలేదు. ఎందుకో చెబుతాం.

మొదట అమ్మేవారి లెక్క చూద్దాం. చీర 800 రూపాయలకు తెచ్చి 900కు అమ్ముతున్నారనుకోండి. ఉచితంగా ఇచ్చిన ఒక్క చీర, దాని కొరియరు ఖర్చు 80 రూపాయలు కలిపి 880 పోయినట్టే. అది పూడాలంటే తొమ్మిది చీరలు అమ్మాలి. ‘పేరు వస్తుంది కదండీ’ అంటారు. వచ్చేది పేరు కాదు, గుంపు. వారికి కావలసింది బహుమతి. విజేత పేరు చదవగానే వెళ్లిపోయి మరో పేజీలో కామెంట్ పెడతారు. లక్షల పెట్టుబడి ఉన్న పెద్ద దుకాణం దీనికి ఓర్చుకోవచ్చు. డ్వాక్రా అప్పుతో మొదలుపెట్టిన ఇల్లాలికి అది కుదరదు.

పెద్దవారూ దెబ్బతిన్నారు. 1992లో బ్రిటన్‌లో హూవర్ అనే కంపెనీ, 100 పౌండ్ల సరుకు కొన్నవారికి రెండు విమాన టిక్కెట్లు ఉచితమని ప్రకటించింది. జనం ఇల్లు ఊడ్చే యంత్రం కోసం కాదు, టిక్కెట్ల కోసం ఎగబడ్డారు. అక్కరలేని యంత్రాలను కొందరు తిరిగి అమ్మేశారు. టిక్కెట్లు రాలేదని కోర్టుకెక్కినవారూ ఉన్నారు. కంపెనీకి సుమారు 5 కోట్ల పౌండ్ల నష్టం వచ్చింది. ఆ రోజుల్లో అది ఇంటర్నెట్ వ్యాపారం కాదు గానీ, ఉచితం అనే మాటకు చేరే గుంపు తీరు మాత్రం ఇదే.

ఇక అసలు భయం. కామెంట్ పెట్టినవారి పేర్లన్నీ లోకానికంతా కనిపిస్తాయి. అది చూసి ఎవడో అదే పేరుకు ఒక చుక్కో, ఒక అక్షరమో చేర్చి, అదే ఫొటో పెట్టి దొంగ పేజీ తెరుస్తాడు. కామెంట్ పెట్టినవారికి ‘అక్కా, మీకే చీర వచ్చింది, కొరియరుకు 150 పంపండి’ అని మెసేజి పెడతాడు. తర్వాత జీఎస్టీ అంటాడు, ఒక లింకు పంపి నొక్కమంటాడు, పిన్ కొట్టమంటాడు. డబ్బు మన ఖాతాలోకి రావడానికి పిన్ కొట్టనవసరం లేదు; పిన్ కొడితే డబ్బు పోతుందన్నమాటే. మోసపోయినవారు తిట్టేది ఆ దొంగను కాదు, చీరలమ్మే ఆడపిల్లను. ఊరివారికి అమ్ముకునే మనిషికి మాట పోతే ఇక మిగిలేదేముంది?

అటువంటిది జరిగితే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోను చేయండి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపే వీలు అంత ఎక్కువ. ఇంట్లో తిడతారని దాచేవారే ఎక్కువమంది. దయచేసి తిట్టడం తర్వాత పెట్టుకోండి, ముందు ఫోను చేయనివ్వండి.

నిజాయితీగా గివ్‌అవే పెట్టేవారు కూడా చట్టం తెలుసుకోవాలి. ఇవ్వాలనే ఉద్దేశం లేకుండా బహుమతి ప్రకటించడం, ధరలో కలిపేసి ఉచితమని చెప్పడం, ముగిశాక ఫలితం చెప్పకుండా దాచడం, ఇవన్నీ వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతులే. ఫిర్యాదు చేయదలచినవారికి 1915 నంబరు ఉంది. పోటీలో చేరడానికి డబ్బు అడగరాదని యూట్యూబ్ నియమం కూడా.

మన పాత కొట్లలో కొసరు ఉండేది. కూరగాయలు కొంటే గుప్పెడు కరివేపాకు, బెల్లం కొంటే పిల్లవాడి చేతిలో చిన్న ముక్క. అది కొన్నవారికే దక్కేది, వారినే మళ్లీ రప్పించేది. ఇప్పటి గివ్‌అవేలో మూడేళ్లుగా కొంటున్న వదినగారికి ఏమీ రాదు. ఎన్నడూ కొననివారికి చీర వెళుతుంది. సరుకు అమ్మే సహోదరీలకు మా సలహా ఒక్కటే: ఆ 880 రూపాయలతో మీ దగ్గర కొన్నవారి చీరలకు ఫాల్ కుట్టించి పంపండి.