సభలు చాలవు, గోష్ఠులు కావలయును

మనుష్యుడు తన్ను మన్నించువారి నడుమనే పెరుగును. ఈ మాట పాతదే. అయినను చెన్నపురి యాంధ్రులు దీనిని మరచినట్లున్నారు.

కొంతకాలము క్రిందట నగరమందలి యొక తెలుగుసభకు విరుదునగర్ జిల్లాలోని తాయిల్పట్టి నుండి యువకు డొకడు వచ్చెను. ఆతని చదువంతయు తమిళమున, ఇంటిభాష తెలుగు. ఆ నల్లరేగడి సీమలో తరతరములుగా నిలిచిన పలుకుబడితో ఆతడు నాలుగు మాటలు చెప్పబోగా ముందువరుస పెద్దలు నవ్విరి. ఆతడు మాట మ్రింగి కూర్చుండెను. పిమ్మట ఏ సభలోను కానరాలేదు. నవ్వినవారిలో నేనును ఒకడను.

ఆ సీమ యెట్టివారిని కన్నదో మన మెరుగమా? కోవిల్పట్టి చెంతనున్న ఇడైసెవల్ గ్రామమున తెలుగిండ్ల బాలు రిద్దరు స్నేహితులై పెరిగిరి. ఒకరు కు. అళగిరిసామి, వేరొకరు కి. రాజనారాయణన్. రెండవవారు పాఠశాల చదువైనను ముగింపలేదు, సేద్యము చేసికొనిరి. అయినను ఇరువురును చదివినది పంచుకొనిరి. దూరమైనప్పుడు లేఖలు వ్రాసికొనిరి. న్యాయశాస్త్ర పట్టభద్రులైన రసికమణి టి.కె. చిదంబరనాథ మొదలియారు తిరునెల్వేలిలో తమ యింట ‘వట్టతొట్టి’ యను సాహిత్యగోష్ఠి నడపిరి. అనంతరము కుర్తాళమున నివసించుచు ఈ మిత్రుల నాదరించిరి. ఆయన చెంత పట్టములకంటె రసజ్ఞతయే లెక్కకు వచ్చెడిది.

1970లో మరణానంతరము అళగిరిసామికిని, 1991లో రాజనారాయణనుకును సాహిత్య అకాడమీ బహుమానములు లభించినవి. బడి చదువు ముగింపని కర్షకుడు పుదుచ్చేరి విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. ఆయనకు బహుమానము తెచ్చిన ‘గోపల్లపురత్తు మక్కళ్’ దక్షిణమునకు వలసపోయిన తెలుగువారి సంతతి కథయే.

వారు తమిళ రచయితలు గదా, మనకేమి యని కొంద రడుగవచ్చును. వారి చదువు తమిళము గనుక అది సహజమే, అసూయకు తావులేదు. మనము నేర్చుకొనవలసినది వారికి లభించిన యాదరణను గూర్చి.

మనకు సంఘములు కొదువలేదు. వార్షికోత్సవములు, పూలదండలు, అధ్యక్షోపన్యాసములు సమృద్ధిగా నున్నవి. క్రొత్తవాడు నోరువిప్పుటకు మాత్రము చోటులేదు. వకీళ్లు, వైద్యులు, ఉపాధ్యాయులు పదుగురు ఆదివారము సాయంకాలము కూర్చుండుట కొక గది చాలును. వచ్చినవాడు చెప్పునది తుదివరకు వినవలెను. వట్టి పొగడ్తయు మేలు కాదు; తప్పున్నచో దిద్దవలెను గాని నలుగురిలో నవ్వరాదు. మరుసటి వారము తప్పక రమ్మని పిలువవలెను.

ఇట్టి గోష్ఠి యొకటి మా యింటనే ఆరంభింప నిశ్చయించితిని. తాయిల్పట్టి యువకుని జాడ వెదకుచున్నాను. మొదటి యాహ్వానము ఆతనికే చెందవలసియున్నది.