కొనకండి, అడిగి తెమ్మనండి

పోయిన ఏడాది జూన్‌లో మా బ్రాంచిలో గ్రీన్ డే చేశాం. ‘ప్రతి విద్యార్థి కుండీతో సహా ఒక మొక్క తేవాలి’ అని డైరీలో రాయించింది నేనే. చెప్పిన రోజు పొద్దున గేటు దగ్గర నర్సరీ బండి దిగినట్టే ఉంది. క్రోటన్లు, పూలతో ఉన్న గులాబీలు, తెల్ల సిరామిక్ కుండీల్లో లక్కీ బాంబూ. కొన్నింటికి ధర స్టిక్కర్లు కూడా తీయలేదు. పిల్లల్ని వరసగా నిలబెట్టి ఫొటోలు తీశాం. అవి ఈ న్యూస్‌లెటర్‌లోనే వచ్చాయి, మీలో చాలామంది చూసే ఉంటారు.

ఆ ఫొటోలో ఒక మొక్క లేదు. ఆరో తరగతి అమ్మాయి ఒకతి పాత పెయింట్ డబ్బాలో మట్టి నింపి, అందులో జానెడు పుల్ల గుచ్చి తెచ్చింది. పుల్లకు ఒక్క ఆకు లేదు. ఇదేంటమ్మా అని అడిగితే, ‘గోరింటాకు మేడమ్, మా పక్కింటి ఖాలా ఇచ్చింది’ అంది. వెనక వరసలో ఎవరో నవ్వారు. నేను నవ్వలేదు కానీ, ఫొటోకి బాగుండదని ఆ డబ్బాను తీసుకెళ్లి మెట్ల కింద పెట్టాను.

దసరా సెలవులైపోయాక వచ్చి చూస్తే క్రోటన్లు వాడిపోయాయి, గులాబీలు పుల్లలయ్యాయి. ఆయమ్మతో కలిసి కుండీలు ఖాళీ చేస్తుంటే మెట్ల కింద పెయింట్ డబ్బా కనిపించింది. పుల్లకు చిగుళ్లు వచ్చి గుప్పెడంత పొద అయింది. ఇందులో మాయేం లేదు. గోరింట ఎండను తట్టుకునే మొక్క. రాజస్థాన్‌లోని సోజత్ ప్రాంతంలో దాన్ని వాన నీటి మీదే పొలాలకు పొలాలు పండిస్తారు. సోజత్ మెహందీకి 2021లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అయితే సెలవులకు ముందు మూడు నెలలు ఆ డబ్బాలో నీళ్లు పోసిందెవరో ఆ అమ్మాయినే అడిగాను. ‘నేనే మేడమ్. ఖాలా రోజూ అడుగుతుంది, చిగురేసిందా అని. లేదని చెప్పాలంటే సిగ్గేస్తుంది’ అంది.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. క్రోటన్ ఎలా ఉందని ఎవరు అడుగుతారు? డబ్బులు తీసుకున్న నర్సరీవాళ్లకు దాని సంగతి మళ్లీ అక్కర్లేదు. ఇచ్చిన మనిషి మాత్రం అడుగుతుంది.

అందుకే ఈ జూన్‌లో డైరీలో వేరేగా రాయించాను. కొన్న మొక్క వద్దు, కొన్న విత్తనం ప్యాకెట్ వద్దు. తెలిసినవాళ్ల ఇంట్లో అడిగి ఒక కొమ్మో, నాలుగు గింజలో తేవాలి. ఎవరిచ్చారో చిన్న చీటీ మీద రాసి అంటించాలి. ఆ మొక్క బతికితే వాళ్లకు వెళ్లి చెప్పాలి, వాళ్ల దగ్గర లేనిది మన దగ్గర ఏదైనా ఉంటే ఇవ్వాలి. రెండు రోజుల్లో ఆఫీసుకు ఫోన్లు మొదలయ్యాయి. ఒక నాన్నగారు నేరుగా వచ్చి కూర్చున్నారు. ‘టీచరమ్మా, ఏడాదికి ఇంత ఫీజు కడుతున్నాం. మా వాణ్ణి ఇంటింటికీ తిరిగి అడుక్కు రమ్మంటారా?’ అన్నారు.

ఆయన కోపంలో అబద్ధం లేదు. మనలో చాలామందికి చేయి చాచకుండా బతకడమే గౌరవం. పిల్లవాడికి ఏ లోటూ రాకూడదనే ఈ స్కూల్లో వేశారు. కానీ అడగడం, అడుక్కోవడం ఒకటి కావు. అడుక్కున్నది తిరిగి ఇవ్వక్కర్లేదు. అడిగి తెచ్చిన కొమ్మకు లెక్క ఉంటుంది. ఈ సంవత్సరం మనం పుచ్చుకుంటే వచ్చే సంవత్సరం మనం ఇస్తాం.

నేను ఇంగ్లిష్ టీచర్ని కాబట్టి ఇంకో మాట చెప్పాలి. స్పోకెన్ ఇంగ్లిష్ పీరియడ్‌లో ‘మే ఐ హ్యావ్’, ‘కుడ్ యూ ప్లీజ్’ అని రోల్ ప్లే చేయిస్తాను. పిల్లలు చక్కగా చెప్తారు. ఇద్దరిద్దరుగా నిలబడి ఒకరినొకరు లేని పెన్సిల్ అడుగుతారు. ఈసారి వాళ్లలో కొందరు పక్క ఫ్లాట్ బెల్ కొట్టి, ఏమనాలో తెలియక తిరిగొచ్చేశారని తెలిసింది. ఒకడు పక్కింటి ఆంటీని తన తల్లి ఫోన్ నుంచి వాట్సాప్‌లో అడిగాడట, అదీ గోడ అవతలి ఇంటికి. అర్థించే వాక్యానికి వ్యాకరణం నేను నేర్పగలను. ఎవరి గుమ్మం ముందు ఏ భాషలో, ఏ వరస కలిపి, ఎంత సేపు కుశలం మాట్లాడాక అసలు సంగతి ఎత్తాలో క్లాసులో నేర్పలేను.

మనం ఉన్నది పాతబస్తీలో అని కూడా గుర్తుంచుకోండి. నా క్లాసులో సగం మంది ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు, సగం మంది తెలుగు. బడిలో అందరూ ఇంగ్లిష్. బడి వదిలాక ఒకళ్ల గల్లీ ఒకళ్లకు తెలియదు. ఆషాఢం వస్తే గౌలిపుర, లాల్‌దర్వాజ వైపు ఇళ్లలో గోరింటాకు కోసం వెతుకులాట. పండగ ముందు రోజో, పెళ్లి ముందు రోజో మొఘల్‌పుర, శాలిబండ ఇళ్లలో మెహందీ. ఆకు ఒకటే, చెట్టూ ఒకటే. కానీ ఇప్పుడు రెండు వైపులా కోన్ కొంటున్నారు. కోన్ తప్పని నేననను, డిజైన్ దానితోనే వస్తుంది. నల్లగా పండుతుందని అమ్మే వాటితో మాత్రం జాగ్రత్త. గోరింటాకులో ఉన్న లాసోన్ అనే రంగు ఎర్రగానే పండుతుంది. నలుపు కోసం కొన్నింట్లో జుట్టు రంగులో వాడే పీపీడీ కలుపుతారు, దానితో కొందరి చేతులు బొబ్బలెక్కుతాయి. వాకిట్లో ఒక పొద ఉంటే కనీసం చిన్న పిల్లల చేతులకు ఆ భయం ఉండదు.

ఆ పొద పెంచడం కష్టం కాదు. పెన్సిల్ లావున్న ముదురు కొమ్మను జానెడు కోసి, కింది ఆకులు తీసేసి, రెండు కణుపులు మట్టిలోకి వెళ్లేలా గుచ్చాలి. వానాకాలం దీనికి మంచి అదను. నీడలో ఉంచి మట్టి తడి ఆరకుండా చూస్తే కొన్ని వారాల్లో వేరు పడుతుంది. తలకిందులుగా గుచ్చితే మాత్రం రాదు, మా వాళ్లలో ఇద్దరు ఆ పని చేశారు. గింజతోనూ వస్తుంది కానీ తోలు గట్టిది, కొన్ని రోజులు నీళ్లు మారుస్తూ నానబెట్టాలి. పైగా గింజ నుంచి వచ్చిన మొక్క తల్లిలాగే ఉంటుందన్న నమ్మకం లేదు. కొమ్మ నుంచి వచ్చినది తల్లే. ఖాలా ఇంట్లో చెట్టు ఎర్రగా పండితే ఈ పెయింట్ డబ్బాలోదీ అంతే ఎర్రగా పండే గుణం ఉన్నది. ఏడో తరగతి సైన్సులో శాఖీయ ప్రత్యుత్పత్తి అని పిల్లలు బట్టీ పడుతున్నది ఇదే. ‘మాకు మార్కులు కావాలి, మొక్కలు కాదు’ అన్న తల్లిగారికి నా జవాబు కూడా ఇదే.

ఈసారి ఏం వచ్చాయో చెప్తాను. మీర్ ఆలం మండీలో కొన్న పుదీనా కట్టలోంచి అమ్మమ్మ తీసి నీళ్ల గ్లాసులో వేళ్లు తెప్పించిన కాడలు. బచ్చలి తీగె. కల్యామాకు పిలక. ఒక అబ్బాయి తాతగారి స్నేహితుడి ఇంటి నుంచి షహతూత్ కొమ్మలు నాలుగు తెచ్చాడు, నాలుగూ బతికాయి. అంజీర్ కొమ్మ ఒకటి చిగురేసి మమ్మల్ని మురిపించి ఎండిపోయింది. గులాబీలు దాదాపు అన్నీ పోయాయి. మనీప్లాంట్ దొంగిలిస్తేనే కలిసొస్తుందని ఇంట్లో చెప్పారట, ఒకడు స్టాఫ్ రూమ్ కిటికీలోంచి నా మనీప్లాంటే తుంచుకుని చీటీ మీద నా పేరు రాశాడు. వాడికి మార్కులు వేశాను.

అగ్గిపెట్టెలో చిక్కుడు గింజలు, పాత ఇన్‌లాండ్ కవరులో సొర గింజలు కూడా వచ్చాయి. గింజల దగ్గర ఒక చిక్కుంది. షాపులో కొన్న హైబ్రిడ్ ప్యాకెట్ నుంచి పండిన కాయలో గింజలు దాచి నాటితే, వచ్చే కాయ మొదటిదానిలా ఉండకపోవచ్చు. అందుకే ఏటా మళ్లీ కొనాలి. ఏళ్లుగా ఒకే ఇంట్లో గింజ కట్టుకుంటూ వచ్చిన నాటు చిక్కుడు, నాటు గోంగూర అలా కాదు, అదే కాయ, అదే ఆకు మళ్లీ వస్తుంది. ఆ గింజ షాపులో దొరకడం కష్టం. దాచినవాళ్లను వెతుక్కుంటూ వెళ్లాలి.

మిద్దె మీద నాలుగు కుండీల సంగతి అలా ఉంచండి, దీని మీదే సేద్యం నడిపేవాళ్లు మనకు దగ్గర్లోనే ఉన్నారు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో 1983 నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీలో మహిళా సంఘాలవాళ్లు కొర్ర, సామ, జొన్న, కంది వంటి పాత పంటల విత్తనాలు ఇళ్లలోనే దాచుకుంటారు. లేనివాళ్లకు విత్తనం ఇస్తారు, పంట వచ్చాక వాళ్లు అంతకంటే ఎక్కువ విత్తనమే తిరిగి కొలుస్తారు. ఏటా సంక్రాంతికి పాత పంటల జాతర మొదలుపెట్టి, ఎడ్లబండ్ల మీద ఆ విత్తనాలు ఊరూరా తిప్పుతారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వాళ్లకు ఈక్వేటర్ బహుమతి ఇచ్చింది. విత్తనం దాచుకోవడం, మార్చుకోవడం రైతు హక్కేనని మన పార్లమెంటు 2001లో చేసిన చట్టంలోనూ ఉంది. అక్కడ ఎవరూ దాన్ని అడుక్కోవడం అనరు.

ఆడపిల్లను పక్కిళ్లకు ఎలా పంపుతామన్న తల్లులకు మాత్రం నా దగ్గర వాదన లేదు. మీరన్నది నిజం. ఒంటరిగా పంపకండి, మీరూ వెళ్లండి. కొందరు అలా వెళ్లి, ఒకే మెట్ల మీద ఆరేళ్లుగా ఎక్కి దిగుతున్న ఇంట్లో మొదటిసారి చాయ్ తాగి వచ్చామని చెప్పారు. ఇరవై నిమిషాల పని సాయంత్రమంతా పట్టిందని కంప్లైంట్ కూడా చేశారు. ఆ కంప్లైంట్‌కు నేను బాధ్యురాలినే.

ఇంకో సంగతి. వచ్చే ఏడాదికి అందరికీ ఒకేలా ఉండేలా సీడ్ కిట్ కొనిపిద్దామన్న ఆలోచన ఒకటి స్టాఫ్ మీటింగ్‌లో వచ్చింది. కుండీ, కోకోపీట్, మూడు ప్యాకెట్లు, మీద స్కూల్ లోగో. ఎవరికీ ఇబ్బంది ఉండదు, ఎవరూ ఎవరినీ అడగక్కర్లేదు, ఫొటో కూడా బాగుంటుంది. నేను వద్దన్నాను. ప్రిన్సిపల్ మేడమ్ ‘పేరెంట్స్ ఏమంటారో వాళ్లనే అడుగు’ అని ఈ పేజీ ఇచ్చారు. కిట్ వద్దనుకుంటే డైరీలో ఒక్క వాక్యం రాసి పంపండి. కావాలనుకున్నా రాయండి, ఎందుకో కూడా రాయండి.

ఆ అమ్మాయి ఇప్పుడు ఏడో తరగతి. ఈ ఆషాఢంలో దాని డబ్బా గోరింట కోసి రుబ్బితే క్లాసులో ఆడపిల్లలకు తలా ఒక వేలికి సరిపోయింది. మొదటి గోళీ ఖాలాకు తీసుకెళ్లింది. కొమ్మ కోసం నలుగురు అడిగారు, పొద ఇంకా చిన్నది కాబట్టి వచ్చే జూన్ వరకు ఆగమంది. ఆ నలుగురిలో నేనూ ఉన్నాను.

ఈ నెల మొదటి ఫ్లోర్‌లో లైబ్రరీ బయట ఒక బల్ల వేస్తున్నాం. గింజలైతే బాగా ఎండినవి కాగితం కవరులో, పేరు, ఎప్పుడు కట్టినవో రాసి పంపండి. ప్లాస్టిక్ కవరులో చెమ్మ పడితే బూజు వస్తుంది. కొమ్మలైతే తడి గుడ్డలో చుట్టి, కోసిన రోజే పంపండి. మందార పంపేవాళ్లు ఆకుల అడుగున తెల్లగా దూదిలా పిండినల్లి లేకుండా చూసి మరీ పంపండి. రెండేళ్ల కిందట నేనొక సహోద్యోగికి ప్రేమగా ఇచ్చిన మందార కొమ్మతో ఆవిడ మిద్దె మీద కుండీలన్నింటికీ అది పాకింది, ఆవిడ ఇంకా మర్చిపోలేదు.