మూడు స్వరాలు చాలవా?

పంజాగుట్టలో మా సందు చివర నిలబడితే మెట్రో వంతెన కనిపిస్తుంది. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి ఎల్బీ నగర్ దాకా దారి తెరిచాక, పగలంతా నిమిషాల తేడాతో రైళ్లు పోతూనే ఉంటాయి. పక్క వీధిలో ఉంటూ పాటలకు బాణీలు కట్టుకునే మిత్రుడొకాయన మొన్న, "ఈ రొదలో బాణీలేం పుడతాయండీ! కీబోర్డు అమ్మేస్తున్నాను" అన్నారు. నవ్వొచ్చింది. తర్వాత ఆయన తన కంప్యూటరు తెరిచి చూపించారు. నలభైకి పైగా పల్లవులు. చరణం దాకా నడిచినది ఒక్కటీ లేదు. నవ్వు ఆగిపోయింది.

నేరం రొదది కాదు. పల్లవి కట్టగానే దానికి వేణువు బాగుంటుందా, వయొలినా, వీణా అన్న వెతుకులాట మొదలవుతుంది. సాఫ్టువేరులో వేల గొంతులున్నాయి మరి. ఆ ఎంపికలోనే సాయంత్రం గడిచిపోతుంది. తెల్లారేసరికి పల్లవి చప్పబడి, కొత్తదానికి శ్రీకారం. దీనికి ఆయన పెట్టుకున్న పేరు స్ఫూర్తి లేకపోవడం. నాకైతే ఇది హద్దులు లేకపోవడమనిపిస్తుంది.

1930లో కోనసీమలోని శంకరగుప్తంలో పుట్టిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ 72 మేళకర్తలలోనూ కృతులు రచించారు. అదీ చిన్న వయసులోనే. స్ఫూర్తి తన్నుకొచ్చినప్పుడే కూర్చుంటానంటే ఆ పని జరిగేది కాదు. మొట్టమొదటి మేళం కనకాంగే వివాది. మొత్తం మీద నలభై మేళాలు అలాంటివే. నచ్చినవాటితో సరిపెట్టుకుంటే లెక్క పూర్తికాదు. తర్వాతి కాలంలో ఆయన తన హద్దును ఇంకా బిగించుకున్నారు. సర్వశ్రీకి షడ్జమం, మధ్యమం, పంచమం మాత్రమే. మూడే స్వరాలతో రాగమేమిటని పండితులు తగవుపడ్డారు. ఆ తగవు తీర్చే శక్తి నాకు లేదు గానీ, మూడు మెట్ల మీద మనిషి ఎంతసేపు నడవగలడో చూపించినందుకు నేను ఆయన పక్షమే.

ఇక అన్నమయ్య. 32,000 సంకీర్తనలని మనుమడు చిన్నన్న చెప్పిన లెక్క. రాగిరేకులలో మనకు దక్కినవే పన్నెండు వేలకు పైన. అవన్నీ గొప్పవా? కావు. తిప్పితిప్పి అదే ఊహ, అదే పోలిక ఎదురవుతాయి. భక్తులు కోప్పడవచ్చు. అయినా ఆ మామూలు పదాలు రాసిన చేతికే ఆణిముత్యాలూ దొరికాయని నా నమ్మకం. రేకుల మీద రాగం పేరే గాని స్వరం లేదు. అందుకే రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు వంటివారు మళ్లీ బాణీలు కట్టవలసి వచ్చింది. పని పూర్తయి ఉంది కనుక, శతాబ్దాల తర్వాత వచ్చినవారు దానిని అందుకోగలిగారు. సగం పల్లవిని ఎవరు అందుకుంటారు?

రోజూ కడితే యాంత్రికమైపోదా అని మిత్రుడి ప్రశ్న. అవుతుంది, తప్పదు. అలాంటి రోజు కీబోర్డు మూసేసి మరొకరి పాట వినాలి. రవీంద్రభారతి పంజాగుట్టకు ఎంత దూరమని! కచేరీ విని రావడం కూడా పనిలో భాగమే.

చివరికి ఒప్పందం కుదిరింది. నెల రోజులు ఒక్క వాద్యపు గొంతే. పాత నలభైలోంచే ఒకటి తీసుకోవాలి, అది ముగిసేదాకా మరొకటి ముట్టుకోరాదు. పదకొండో రోజున ఫోను చేసి రెండు చరణాలూ వినిపించారు. రెండోది సాదాగా ఉందని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. మధ్యలో రైలు చప్పుడు కూడా వినిపించింది. కీబోర్డు అమ్మకం సంగతి ఆయన ఎత్తలేదు, నేను అడగలేదు.