కిరాయి మాట్లాడే ముందు బండిని చూడాలి

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. 2025 మే 15 నుంచి 26 వరకు సరస్వతీ పుష్కరాలు జరిగిన కాళేశ్వరంలో మళ్లీ ఘాట్లు, రోడ్లు, పార్కింగ్ జాగాల పనులు మొదలవుతాయి. ఇలాంటి పనులకు వచ్చే జేసీబీలు, ప్రొక్లెయిన్లు, టిప్పర్లు, హైడ్రా క్రేన్లు చాలామటుకు కిరాయివే. పెద్ద కాంట్రాక్టరు చిన్న కాంట్రాక్టరుకు పని ఇస్తాడు, అతను బండ్ల యజమానికి ఫోన్ చేస్తాడు. ఆ ఫోన్‌లో కిరాయి ఎంత, డీజిల్ ఎవరిది, ఆపరేటర్ బత్తా ఎవరిది అన్న మూడు విషయాలూ తేలిపోతాయి. బండి ఎట్లా ఉందన్న మాట మాత్రం రాదు. నా బాధంతా దాని గురించే.

సర్కారు పనుల సంగతి పక్కనపెట్టినా ఈ ప్రాంతంలో రైతుకూ యంత్రం తప్పదు. 2022 జూలైలో గోదావరి వరదకు కాళేశ్వరం ప్రాజెక్టు కన్నెపల్లి పంప్‌హౌస్ మునిగిన సంగతి దేశమంతా మాట్లాడుకుంది. అదే ఏరు పొలాల్లో ఇసుక మేటలు వేసిపోయిన సంగతి పొలం గలవాళ్లే మాట్లాడుకున్నారు. మరుసటి ఏడాది జూలై 27న మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఊరిని ముంచేసింది. అదే రోజు చిట్యాల మండలం నైన్‌పాకలో వరదలో చిక్కుకుని జేసీబీ మీద నిలబడ్డ ఆరుగురిని వాయుసేన హెలికాప్టర్ కాపాడింది. నీళ్లు తీసిన తర్వాత చేలల్లో ఇసుక ఎత్తిపోయాలంటే మనుషుల వల్ల కాదు, గంట కిరాయికి జేసీబీ రావాల్సిందే. వరద నష్టం మీద మళ్లీ కిరాయి ఖర్చు. అందుకే రైతు గంటకు వంద తగ్గించమని బతిమాలుతాడు.

ఆ వంద ఎక్కడికి పోతుందో లెక్క చూద్దాం. మంచి బండి గంటకు 1,200 చొప్పున ఎనిమిది గంటల్లో చేసే పనిని, హైడ్రాలిక్ పంపు అరిగిన బండి 1,100 చొప్పున పది గంటలు చేస్తుందనుకోండి. మొదటిదానికి 9,600 అవుతుంది, రెండోదానికి 11,000. గంట కిరాయిలో ఉన్న చిక్కే ఇది. బండి ఎంత నీరసంగా నడిస్తే కిరాయికి తెచ్చుకున్నవాడికి అంత ఎక్కువ బిల్లు. అంగట్లో ఎద్దును కొనేటప్పుడు పళ్లు చూసి, సుడులు చూసి, కాడి కట్టి నడిపించి చూసే రైతు, అంతకు ఎన్నో రెట్లు బరువు లేపే యంత్రాన్ని మాత్రం కళ్లు మూసుకుని పొలంలోకి దింపించుకుంటున్నాడు.

చూడాల్సింది కూడా బండి మన దగ్గరికి వచ్చాక కాదు, యజమాని జాగాలో ఉన్నప్పుడే. ట్రయిలర్ మీద ఎక్కించి తెచ్చాక రవాణా ఖర్చు మన నెత్తిన పడుతుంది, వాపసు పంపడానికి మనసొప్పదు. పొద్దున్నే వెళ్లాలి, ఇంజిన్ చల్లగా ఉండగా వెళ్లాలి. మనం పోయేసరికే వేడిగా ఉంటే స్టార్ట్ కావడంలో ఇబ్బంది ఉందేమోనని అనుమానించాలి. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఇంజిన్ ఆయిల్ పాలు కలిపినట్టు ఉందంటే అందులోకి నీళ్లు చేరాయి. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. వాగుల పక్కన పనిచేసిన బండ్లు తిరిగే ఈ ప్రాంతంలో నేను అదనంగా చూడమనేది ఒకటుంది: సీటు కింద, ఫ్యూజుల పెట్టెలో, వైర్ల జాయింట్ల దగ్గర ఒండ్రు పేరుకుందా అని. బయట కొత్త రంగు వేయించడం తేలిక. లోపలి ఒండ్రు మొత్తం కడగడం అంత తేలిక కాదు.

తర్వాత పని చేయించి చూడాలి. ప్రొక్లెయిన్ అయితే బకెట్‌లో మట్టి నింపి బూమ్ ఎత్తించి, ఇంజిన్ ఆపించి, కింద ఎవరూ లేకుండా చూసుకుని ఐదు నిమిషాలు ఆగాలి. బూమ్ దానంతటదే దిగుతుంటే లోపల సీళ్లో, వాల్వులో అరిగాయి. పై భాగాన్ని తిప్పి ఆపమంటే ఆగిన తర్వాత కూడా అటూ ఇటూ ఊగకూడదు. బకెట్‌ను నేలకు ఆనించి కదిలిస్తే పిన్నులు, బుష్‌ల దగ్గర ఎంత వదులుందో కనిపిస్తుంది. పైపుల మీద తడిని చేత్తో తడమొద్దు, అట్టముక్క ఆనించి చూడాలి. హైడ్రాలిక్ ఆయిల్ ఒత్తిడికి సన్నని రంధ్రంలోంచి చిమ్మి చర్మంలోకి దూరుతుంది, చెయ్యి తీసేయాల్సిన పరిస్థితి రావచ్చు.

“బండి మంచిగ నడుస్తదన్నా, ఫికర్ చెయ్యకు” అని యజమాని అంటాడు. నిజమే కావచ్చు. అప్పు కిస్తీలు కడుతూ బండిని ప్రాణంగా చూసుకునే యజమానులు ఎందరో ఉన్నారు. వాళ్లు చూపించడానికి వెనకాడరు. పనికి ముందు, పని తర్వాత ఇద్దరూ నిలబడి ఫోన్‌లో ఫొటోలు తీసుకుంటే విరిగిన బకెట్ పన్ను ఎవరి ఖాతాలో వేయాలన్న తగువూ ఉండదు. ఆపరేటర్‌ను మాత్రం పక్కకు పిలిచి విడిగా అడగాలి. లివర్ పట్టుకునేవాడికి తెలిసినంతగా ఆ బండి జబ్బు ఎవరికీ తెలియదు. రాత్రంతా ఇంకో చోట నడిపి వచ్చాడేమో కూడా అప్పుడే తెలుస్తుంది.

క్రేన్ దగ్గర నష్టం డబ్బుతో పోదు. 2022 జూలై చివర్లో కొల్లాపూర్ మండలం రేగుమానుగడ్డ దగ్గర పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతల పనుల్లో క్రేన్ తీగ తెగి ఐదుగురు కూలీలు చనిపోయారు. భవన, ఇతర నిర్మాణ కార్మికుల కోసం 1998లో వచ్చిన కేంద్ర నిబంధనలు తీగ గురించి వివరంగా చెప్పాయి. తీగ మందానికి ఎనిమిది రెట్ల పొడవులో ఎక్కడైనా పైకి కనిపించే తెగిన పోగులు మొత్తంలో పదో వంతు దాటితే దాన్ని వాడకూడదు. 16 మిల్లీమీటర్ల తీగలో 114 పోగులు ఉంటే, 128 మిల్లీమీటర్ల పొడవులో 12 పోగులు తెగి కనిపించినా పక్కన పడేయాల్సిందే. దీనికి ఇంజనీరు చదువు అక్కర్లేదు, గుడ్డతో తుడిచి లెక్కపెట్టే ఓపిక చాలు. 12 టన్నుల హైడ్రా అని రాసి ఉన్నంత మాత్రాన బూమ్ చాచినప్పుడు 12 టన్నులు లేపదని, క్యాబిన్‌లో ఉండాల్సిన లోడ్ చార్టు చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. అర్హత గల పరీక్షకుడు ఏడాదికోసారి క్రేన్‌ను క్షుణ్నంగా చూసి ఇచ్చిన కాగితం ఉండాలి. ఆ పరీక్ష కూడా జాగ్రత్తగా జరగాలి. 2020 ఆగస్టు 1న విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డులో క్రేన్‌ను లోడ్ వేసి చూస్తుండగానే అది కూలి 11 మంది చనిపోయారు.

పుష్కరాల పనుల టెండర్లు పిలిచేటప్పుడే అధికారులు ఒక షరతు రాయాలి. కిరాయి యంత్రం ఏదైనా సరే, పనిచోట దిగే ముందు చూసినవాడి సంతకంతో తనిఖీ కాగితం ఉండాలి, అది లేని గంటలకు బిల్లు చెల్లించకూడదు. క్రేన్ అయితే ఆ కాగితం లేకుండా ఘాట్ మెట్ల దగ్గరికే రానివ్వకూడదు. ఇసుక మేటలు తీయించుకునే రైతుల కోసం ప్రతి మండలంలో ఒక మెకానిక్‌ను పెట్టి, బండి చూసి చెప్పినందుకు అతనికి రుసుము ఇప్పించాలి. కాళేశ్వరం ఉన్న మహదేవపూర్ మండలంతోనే ఇది మొదలుపెట్టవచ్చు.