ఎనిమిదో నంబరుకన్న పదో నంబరు పెద్దదా?

బంగాళాఖాతమున తుపాను పుట్టినప్పుడెల్ల మన పత్రికల మొదటి పుటకెక్కు వార్త యొకటి కలదు: మచిలీపట్నమున ఫలానా నంబరు ప్రమాద హెచ్చరిక, కాకినాడలో ఫలానా నంబరు, విశాఖలో ఫలానా నంబరు ఎగురవేసిరని. చదువరి ఆ అంకెలను పరీక్షలోని మార్కులవలె ఎంచుకొని, ఎనిమిదికన్న తొమ్మిదియు, తొమ్మిదికన్న పదియు అధిక ప్రమాదమని తలంచుట సహజము. కాని రేవులలోని ఆ పదునొకండు సూచికల కట్టడి వేరు. ఎనిమిది, తొమ్మిది, పది—ఈ మూడును మహాప్రమాదమునే తెలుపును. వానిలోని భేదము తుపాను నడచు త్రోవను బట్టి యేర్పడినది. రేవును తన త్రోవకు ఎడమప్రక్క నుంచుకొని తుపాను తీరము దాటునెడల ఎనిమిది, కుడిప్రక్క నుంచుకొని దాటునెడల తొమ్మిది, రేవుమీదుగనో దాని చేరువనో దాటునెడల పది. అయిదు, ఆరు, ఏడు సంఖ్యలకును ఇదే వరుస. ఇక అన్నిటికన్న పెద్ద అంకెయైన పదునొకండు, వాతావరణ కేంద్రముతో వార్తాసంబంధములు తెగినవని చెప్పును.

ఈ పద్ధతియం దేమియు దోషము లేదు. మన తూర్పుతీరమున, తుపాను కేంద్రమునకు ఉత్తరమున నున్న రేవుపై గాలి సముద్రమునుండి నేలమీదికిని, దక్షిణమున నున్న రేవుపై నేలనుండి సముద్రముమీదికిని కొట్టును గనుక, లంగరు వేసియున్న ఓడ కప్తానునకు ఎనిమిదికిని తొమ్మిదికిని గల భేదమే ప్రాణాధారము. అతని కది సంపూర్ణమైన వాక్యము. అదే అంకె దివిసీమలో కోతకు వచ్చిన చేను గల రైతు చెవిని బడినప్పుడు, ఈ రాత్రి ఇల్లు విడువవలెనా, పశువుల నెచ్చటికి తోలవలెను, నీరు ఎంత దూరము రాగలదు అను అతని ప్రశ్నలలో ఒక్కదానికిని బదులు చెప్పదు. జిల్లాలవారీగా వాతావరణశాఖ ఇచ్చు రంగుల హెచ్చరికలు ఈ విషయమున మేలు. నారింజరంగు సిద్ధముగ నుండుమనియు, ఎరుపు పూనుకొనుమనియు, చేయవలసిన పనినే చెప్పుచున్నవి.

సాంకేతిక విషయమును ఇతరులకు విశదపఱచుట యనగా కఠినపదముల స్థానమున తేలికపదములను పెట్టుటయే యని మన ఇంజనీర్లలో పెక్కండ్రు నమ్మియున్నారు. ఎనిమిది యను మాటకన్న తేలికమాట ఏది? వినువాడు ఏమి నిర్ణయింపవలసియున్నాడో ఎఱుగక చెప్పిన మాట, ఎంత తేలికయైనను, అతనికి చేరదు.

ఇందుకొక నిదర్శనము: 2003 జనవరి 16న అమెరికాలో కొలంబియా వ్యోమనౌక పైకెగసిన 82 సెకండ్లకు, ఇంధనపు తొట్టినుండి ఊడిన నురగముక్క యొకటి దాని ఎడమ రెక్కకు తగిలినది. నౌక ఇంకను కక్ష్యలో తిరుగుచుండగనే బోయింగ్ ఇంజనీర్లు ఆ దెబ్బను లెక్కించి నాసా వారికి నివేదించిరి. ఆ నివేదికలోని ఒక స్లైడు ప్రసిద్ధమైనది. ప్రయోగఫలితములు భద్రతవైపే మొగ్గుచున్నవను ధోరణిలో దాని శీర్షిక ధైర్యము చెప్పుచుండగా, అన్నిటికన్న అడుగున, చిన్న అక్షరములలో, అసలు సంగతి యున్నది: ప్రయోగములలో వాడిన ముక్క పరిమాణము 3 ఘనపు అంగుళములు, రెక్కకు తగిలిన దానిది అంచనాగా 1920. అనగా 640 రెట్లు! తమ లెక్క ఈ దెబ్బకు వర్తించునో లేదో తెలియదని చెప్పవలసినవారు, ఆ మాటను వెదకి తీసికొను భారమును అధికారులకు విడిచిరి. ఫిబ్రవరి 1న తిరిగివచ్చుచు నౌక టెక్సాస్ ఆకాశమున ఛిన్నాభిన్నమై, మన కర్నాలు ఆడపడుచు కల్పనా చావ్లాతోగూడ ఏడుగురు మరణించిరి. ఆ స్లైడు చక్కగ వ్రాసియుండిన వారు బ్రదికియుందురని అనజాలను. రెక్కను చిత్రములు తీయింపుడని కొందఱు ఇంజనీర్లు కోరగా పైవారు ఆ కోరికను త్రోసిపుచ్చిన చరిత్రయు దానివెంట నున్నది. అయినను, ఆ స్లైడును చదివిన పై అధికారికి ప్రాణాపాయము తోపకపోవుట సులభమేనని ఆ ప్రమాదమును విచారించిన సంఘము వ్రాసినది.

సామాన్యుల కర్థమగునట్లు చెప్పినచో కచ్చితత్వము చెడునని మా ఇంజనీరు వృత్తివారు తఱచుగ వాపోవుదురు. ఈ వాదమున కొంత నిజము లేకపోలేదు. అంతకన్న ఎక్కువగా, తెలియనిది తెలియదని ఒప్పుకొనుటకు జంకు కలదు. హైదరాబాదులోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ సంస్థ, బట్టల వ్యాపారి యొకనికి బిల్లుల వ్యవస్థ నడుపుచున్న దనుకొందము. ఒకనాటి రాత్రి పని చెడినది. "డేటాబేస్ రెప్లికేషన్‌లో జాప్యమున్నది, మా బృందము పరిశీలించుచున్నది" అని వ్రాసిన జాబు యథార్థమే. కాని ఆ వర్తకుడు దానిని ముమ్మారు చదివియు, కొట్టు తెఱువవచ్చునో లేదో తెలిసికొనలేక ఫోను చేయును. "రాత్రి పదింటి తరువాతి బిల్లులు పోలేదు గాని, లెక్కలలో ఇప్పుడు కనబడవు. అమ్మకములు సాగింపవచ్చును. జీఎస్టీ లెక్క మాత్రము మేము చెప్పువఱకు పంపవద్దు. ఎప్పటికి సరిపడునో మాకింకను తెలియదు, మధ్యాహ్నము పండ్రెండింటికి మరల వ్రాయుదుము" అని వ్రాసినచో, అందు కచ్చితత్వము లోపించిన దెచ్చట? రెప్లికేషను సంగతి కావలసినవారికి అదే జాబు అడుగున నాలుగు పంక్తులలో వ్రాయవచ్చును.