ఎవరి జీవితమునకు ఈ కొలత?

ప్రపంచ నగరములలోని జీవన నాణ్యతను తూచి వరుస సంఖ్యలు నిర్ణయించు మెర్సర్ సంస్థ 2019వ సంవత్సరమున ప్రకటించిన పట్టికలో, 231 నగరములకు గాను హైదరాబాదు పూణేతోపాటు 143వ స్థానమును పొంది, భారతీయ నగరములలో ప్రథమగణ్యమైనదని పత్రికలు సంతోషముతో ప్రచురించినవి. ఆ వార్తను చదివి గర్వించిన మనలో, అసలా పట్టిక ఎవరి నిమిత్తము సిద్ధమగుచున్నదని విచారించినవారు అరుదు. బహుళజాతి సంస్థలు తమ ఉద్యోగులను పరదేశములకు పంపునపుడు, అచ్చటి ఇబ్బందులకు పరిహారముగా వారి జీతముపై ఎంత భత్యము చేర్చవలయునో తేల్చుకొనుటకు అది అక్కరకు వచ్చును. న్యూయార్కు నగరమును ప్రమాణముగా నుంచుకొని, శాంతిభద్రతలు, వైద్యము, బ్యాంకులు, విదేశీయుల బిడ్డలకు తగిన పాఠశాలలు, శీతోష్ణస్థితి మొదలైన 39 అంశములను పరిశీలించి వారు మార్కులు వేయుదురు. ఆ ప్రయోజనమునకు అది తగిన కొలతయే. కాని తెల్లవారక మునుపే మన వీధులూడ్చు కార్మికురాలి జీవితమును గాని, వానాకాలమంతయు ప్రాణము లరచేత బెట్టుకొని మూసీ యొడ్డున దినములు గడపు కుటుంబపు జీవితమును గాని ఆ కొలత తాకదు. దానిని హైదరాబాదు ప్రజల జీవన నాణ్యతగా ఎంచి పండుగ చేసికొనుట ఆ ప్రజలకు మనము చేయు అన్యాయమని నా దృఢాభిప్రాయము.

అదే పట్టికలో వరుసగా పదవ మారు మొదటి స్థానము నందుకొన్న వియన్నా నగరపు చరిత్ర ఇచ్చట స్మరింపదగినది. మొదటి ప్రపంచయుద్ధానంతరము ఆకలితోను, క్షయవ్యాధితోను, గాలి చొరని అద్దె గదులతోను కుమిలిపోవుచున్న ఆ నగరమున, 1923లో పురపాలకులు సంపన్నుల భవనములపై హెచ్చుగాను, పేదల ఇండ్లపై స్వల్పముగాను పడునట్లు గృహనిర్మాణపు పన్నును విధించి, ఆ ధనముతో 1934 నాటికి కార్మికుల కొఱకు సుమారు 60 వేల ఇండ్లను కట్టించిరి. 1930లో ప్రారంభోత్సవము జరిగిన కార్ల్ మార్క్స్ హోఫ్ అను కట్టడ మొక్కటే కిలోమీటరునకు మించిన పొడవు గలది. అందు నివాసములే గాక బట్టలుతుకు శాలలు, స్నానశాలలు, శిశువిహారములు, గ్రంథాలయము కూడ నేర్పరచిరి. నేటికిని ఆ నగరవాసులలో సుమారు సగము మంది పురపాలక సంఘపు ఇండ్లలోనో, ప్రభుత్వ సాహాయ్యముతో వెలసిన ఇండ్లలోనో నివసించుచున్నారు. పరదేశపు ఉద్యోగికి వియన్నా నేడు సుఖావహముగా తోచుటకు, నూరేండ్ల క్రిందట అచ్చటి కూలివాని కాపురమును గూర్చి తలపోసినవారు కొందరుండుట ముఖ్యకారణములలో నొకటి. పట్టికలోని సంఖ్య ఆ సంగతి చెప్పదు.

ఎవరి జీవితమును కొలువవలెనను ప్రశ్నను మన దేశమున తీవ్రముగా వేసిన తొలితరమువారిలో అగ్రగణ్యుడు దాదాభాయి నౌరోజీ. ఆంగ్ల ప్రభుత్వపు లెక్కలనే ఆధారముగా గొని, 1867–70 నాటి బ్రిటిషు ఇండియాలో తలసరి ఆదాయము ఏడాదికి 20 రూపాయలకు మించదని ఆయన నిర్ణయించెను. అంతటితో ఆగియుండినచో అది ఒక గణకుని కార్యమై యుండెడిది. ఆ 20 రూపాయలతో మనుష్యుడు ఎట్లు ప్రాణము నిలుపుకొనునని విచారించి, చెరసాలలలో ఖైదీల కూటికి, గుడ్డకు ప్రభుత్వమే వెచ్చించు సొమ్మును రాష్ట్రముల వారీగా సేకరించి, దాని ప్రక్కన ఆ యా రాష్ట్రముల తలసరి ఆదాయము నుంచి లోకమునకు చూపెను. నేరము చేసి చెరలో నున్నవానికి దొరకు కూడు, ఏ నేరము నెఱుగని సేద్యగానికి దొరకుట లేదని ఆ రెండు అంకెలు ఋజువు చేసినవి. మన కోస్తా జిల్లాలును రాయలసీమయు చేరియుండిన మద్రాసు రాజధానిలోను స్థితి అట్టిదే. పైగా ఆ సగటులో దొరలవియు ధనికులవియు పెద్ద వాటాలు కలిసియున్నవనియు, కష్టజీవికి ఆ మాత్రమును దక్కదనియు ఆయన హెచ్చరించెను. దేశముల జీవన ప్రమాణములను గూర్చి తరువాత వెలువడిన గ్రంథము లెన్నియో కలవు గాని, ఖైదీ కూటిని చూపి సామ్రాజ్యము నంతటిని నిలదీసిన ఈ పోలికకు సాటిరాగలది నాకు కనబడలేదు.

1934లో అమెరికా సెనేటునకు జాతీయాదాయపు లెక్కలను సమర్పించిన సైమన్ కుజ్నెట్సు, ఆ లెక్కనుబట్టి జాతి సంక్షేమమును ఊహించుట కష్టమని తానే చెప్పినను, లోకము ఆ మాటను పెడచెవిని బెట్టి తలసరి ఆదాయమునే దేశముల ఘనతకు గురుతుగా చేసికొనెను. 1990లో పాకిస్తాను ఆర్థికవేత్త మహబూబ్ ఉల్ హక్ ఆయుర్దాయము, చదువు, ఆదాయము అను మూటిని కలిపి, ఐక్యరాజ్యసమితి పక్షమున మానవాభివృద్ధి సూచికను లోకము ముందుంచెను. ఇంతటి సంకీర్ణ విషయమును ఒక్క అంకెలో ఇముడ్చుట మోటు పని యని ఆయన మిత్రుడు అమర్త్య సేన్ మొదట సంశయింపగా, జాతీయాదాయమును గద్దె దింపవలెనన్న అంత మోటుదే మఱియొక అంకె కావలయునని హక్ పట్టుబట్టెను. ఆ పట్టు మంచిదే అయినది. నేడు ప్రభుత్వములు ఆయుర్దాయమును గూర్చి, బడిని గూర్చి జవాబు చెప్పుకొనవలసి వచ్చుచున్నది. 2023 సంవత్సరపు లెక్కలలో 193 దేశములలో మనది 130వ స్థానము. అసమానతలను గూడ గణించినచో మన సూచిక విలువలో సుమారు 30 శాతము హరించిపోవును.

అట్లు తరిగిన అంకెలోను చేరనిది ఆడువారి కాలము. కేంద్రప్రభుత్వము 2024లో జరిపిన కాలవినియోగ సర్వేక్షణము ప్రకారము, ఇంటిపనిలో పాల్గొను స్త్రీలు అందుకై దినమునకు సగటున 289 నిమిషములు వెచ్చించుచుండగా, పురుషులు వెచ్చించునది 88 నిమిషములు. దుమ్ము దులుపుట, వంట, అంట్లు, బట్టలు మొదలైన కూలి లేని ఈ చాకిరి జాతీయాదాయములో చేరదు. దీనికి ఏ దేశమును ర్యాంకు పొందదు.

ఇట్లనుటచేత దేశములను పోల్చుటయే వ్యర్థమని నా భావము కాదు. మనకంటె తలసరి ఆదాయము కొంత తక్కువగా నున్న బంగ్లాదేశమున సగటు ఆయుర్దాయము దాదాపు 75 ఏండ్లు కాగా, మనది 72 ఏండ్లు. ఈ భేదమునకు గల హేతువులను వెదకుచు పోయినచో, 1980వ దశకమున బ్రాక్ అను స్వచ్ఛంద సంస్థ పక్షమున పల్లెపల్లెకు తిరిగిన స్త్రీలు మనకు కనబడుదురు. అతిసారముతో బిడ్డలు చనిపోవుచున్న ఆ పల్లెలలో, చిటికెడు ఉప్పు, పిడికెడు బెల్లము, అరసేరు నీరు కలిపి త్రాగించుటను వారు తల్లులకు ఇంటింట నేర్పిరి. తల్లి ఆ పాఠమును ఎంతవఱకు జ్ఞప్తియం దుంచుకొన్నదో తరువాత పరీక్షించి, దానినిబట్టియే ఆ కార్యకర్తలకు వేతన మిచ్చిరి. ఇట్టి సంగతి తెలిసికొనుటకే ఇరుగు పొరుగు దేశములతో పోలిక కావలయును. ఎవరు పైనున్నారను ఉబలాటము తీర్చుకొనుటకు ఆటల పోటీలు చాలును.

ఉభయ తెలుగు రాష్ట్రముల ప్రభుత్వములు ఏటేట సామాజికార్థిక నివేదికలలో జిల్లాల తలసరి ఆదాయమును ఘనముగా ప్రకటించుచున్నవి. ఐటీ సంస్థల రాబడి చేరుటచే రంగారెడ్డి జిల్లా తెలంగాణమున అగ్రస్థానమున నిలుచుచున్నది గాని, ఆ జిల్లాలోనే కూలికి పోవు రైతుకూలీ గుడిసెలోనికి ఆ సగటు అడుగిడదు. కావున ఏలికలకు నా విన్నపము: ఇకమీదట ఆ నివేదికలలో, ప్రతి మండలమునందును మిక్కిలి పేదలైన అయిదవ వంతు కుటుంబములలో పుట్టిన శిశువులలో ఏడాది నిండక మునుపే చనిపోవువారెందరు, ఆడపిల్ల ఎన్నవ ఏట బడి మానుచున్నది, ఇంటి ఇల్లాలు కూలి లేని పనికి దినమునకు ఎన్ని గంటలు వెచ్చించుచున్నది, త్రాగునీరు వారమునకు ఎన్ని దినములు వచ్చుచున్నది, ఈ నాలుగింటిని తలసరి ఆదాయపు ప్రక్కనే అచ్చువేయుడు.